దర్జీ మోకాలి స్లైడు

పెద్ద ల్యాబ్, వెనకవైపు గది
జనవరి 9

మామయ్యకి నమస్కారాలు.

నేనిక్కడ చేరి నాలుగు నెలలైంది. నా బల్లని కిటికీ పక్కకి మార్చారు. కిటికీలోంచి ఎదుటి బిల్డింగు గోడ కనిపిస్తుంది. ఇదివరకు అదీ కనిపించేది కాదు కాబట్టి దీన్ని ప్రమోషన్ కిందే జమకట్టాను.

మీ ఆసుపత్రి నుంచి వచ్చే నమూనాలన్నీ ఇప్పుడు నా దగ్గరికే వస్తున్నాయి. సీసా మీద మీ చేతిరాత చూసి, నాకీ పని నేర్పింది ఈయనే, మా అమ్మకి సొంత తమ్ముడు అని పక్క బల్ల ఆవిడకి చెప్పాను. ఆవిడ చూసి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయంది.

ఒక చిన్న సంగతి. పోయిన వారం ఒక దర్జీ మోకాలి నుంచి తీసిన నీరు పంపారు. సీసాకి కట్టిన చీటీలో "గులాబి రంగు, జంటలు జంటలుగా, గ్రామ్ నెగటివ్" అని రాశారు. అందులోని బాక్టీరియాని ఇక్కడ పెంచితే రెండో రోజుకల్లా పళ్ళెంలో బంగారు రంగు చుక్కలు లేచాయి. రంగు వేసి చూస్తే ఊదా. గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. గ్రామ్ పాజిటివ్. రెండుసార్లు చేశాను. మా ల్యాబు పెద్దాయన కూడా చూశారు. రిపోర్టు మీ డాక్టరు గారికి వెళ్ళిపోయింది.

స్పిరిట్ కొంచెం ఎక్కువసేపు ఆగిందేమో. అలా ఆగితే గోడ మందంగా ఉన్న బాక్టీరియా కూడా ఊదా రంగు వదిలేసి గులాబి కట్టేస్తుందని మీరే చెప్పేవారు. లేదా సీసాలు తారుమారయ్యాయేమో. ఊరికే రాస్తున్నాను.

అత్తయ్యని అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు


రంగుల గది, రెండో అంతస్తు
జనవరి 16

కందిరీగకు ఆశీస్సులు.

నిన్ను ఈ పేరుతో పిలవద్దని మీ అమ్మ రెండుసార్లు చెప్పింది. నువ్వేమో ఏదడిగినా కుట్టినట్టే అడుగుతావు. నేనేం చెయ్యను?

తప్పు స్పిరిట్‌దే. కొత్త పీపా తెప్పించారు. పాతదానికంటే ఘాటు ఎక్కువ. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కదా. ముందు ఊదా రంగు పొయ్యడం, దాన్ని అయోడిన్‌తో బిగించడం, స్పిరిట్‌తో కడగడం, ఆఖర్న గులాబి పొయ్యడం. మందపాటి గోడవి ఊదాని పట్టుకుని కూర్చుంటాయి, సన్నగోడవి వదిలేసి గులాబి పూసుకుంటాయి. మొత్తం విద్య ఇంతే. ఇంత చిన్న విద్యలో కూడా పీపా మారితే పొరపాటు వస్తుంది. ఈ వయసులో మేనకోడలి చేత పాఠం చెప్పించుకోవడం నా రాత.

సరే, నువ్వు ఎంతవరకు గుర్తుంచుకున్నావో చూడాలి. ఈ డబ్బాలో దూది మధ్య ఐదు స్లైడులు పెట్టాను. అంచున నంబర్లు వేశాను. ఏది ఊదా, ఏది గులాబి, ఆకారమేమిటి, చూసి రాయి. మార్కులు వేస్తాను.

సీసాలమ్మ నిన్ను అడిగింది. నువ్విక్కడ నేర్చుకునేటప్పుడు పగలగొట్టినవన్నీ చప్పుడు కాకుండా ఊడ్చి పారేసింది పాపం, ఇప్పుడు గాజుసామాను అంతా ఆవిడొక్కతే కడుగుతోంది.

మీ అత్తయ్య బాగానే ఉంది. మొన్న ఒక చీర కట్టుకుని ఎలా ఉందని అడిగింది. మట్టి రంగు నీకు నప్పదన్నాను. అప్పట్నుంచి మాట్లాడటం లేదు.

మామయ్య


పెద్ద ల్యాబ్, వెనకవైపు గది
జనవరి 28

మామయ్యకి నమస్కారాలు.

డబ్బా అందింది. ఏదీ పగల్లేదు. ఒకటోది ఊదా, గుత్తులు. రెండోది గులాబి, పుల్లలు. మూడోది గులాబి, గొలుసులు. నాలుగు, ఐదు గులాబి పుల్లలే. ఐదోదానిలో చీముకణాలు బాగా ఉన్నాయి.

పరీక్ష అన్నారు కాబట్టి జవాబులు మీ దగ్గర ఉండే ఉంటాయి. నావి సరిచూసి మార్కులు పంపండి.

దర్జీకి ఎలా ఉంది? చీటీ మీద వయసు యాభై రెండని ఉంది. రిపోర్టు అందాక మందు మార్చారా? పోయినసారి మీరు ఆ సంగతి రాయలేదు.

అత్తయ్య చీర ఏ రంగుదో నాకు తెలుసు. నా మొదటి జీతంతో కొన్నది అదే.

మీ మేనకోడలు


రంగుల గది, రెండో అంతస్తు
ఫిబ్రవరి 10

కందిరీగకు ఆశీస్సులు.

ఐదుకి ఐదు. నీకు నేర్పినందుకు గర్వంగా ఉంది. ఒక్కటీ తప్పు లేదు.

ఈసారి ఎనిమిది పంపుతున్నాను. ఇవి కొంచెం కష్టం. వీలైనంత త్వరగా చూసి రాయి. ఆలస్యమైతే ఇక్కడ వార్డులో ఎదురుచూస్తూ ఉంటారు, అంటే నేను ఎదురుచూస్తూ ఉంటానని.

దర్జీని ఇంటికి పంపించేశారు. మందు మార్చారు. వాపు తగ్గింది.

ఇక్కడ ఎండ ముదిరింది. మైక్రోస్కోపుకి బల్బు మార్పించాను. ఇది మూడోది. స్టోరు గుమాస్తా నావంక అదోలా చూశాడు.

మామయ్య


పెద్ద ల్యాబ్, వెనకవైపు గది
ఫిబ్రవరి 20

మామయ్యకి.

ఎనిమిది స్లైడుల ఫలితాలు వేరే కాగితం మీద రాసి పెట్టాను. అవన్నీ ఉన్నదున్నట్టు రాసినవి. ముందు వాటిని డాక్టరు గారికి ఇచ్చి రండి, తర్వాత ఇది చదవండి.

పోయినసారి మూడో నంబరు స్లైడుని గులాబి గొలుసులని రాశాను. అది గులాబి కాదు, ఊదా. నేర్చుకోడానికి వచ్చిన మొదటి వారం పిల్లయినా చెప్పగలిగేంత ముదురు ఊదా. కావాలనే తప్పు రాశాను. మీరు ఐదుకి ఐదు వేశారు.

మీరు మంచి మనసుతో మార్కు కలిపారేమో అని రెండు రోజులు అనుకున్నాను. నాకు పని నేర్పిన మూడేళ్ళలో మీరు ఒక్క మార్కు కూడా కలపలేదు.

ఎప్పట్నుంచి?

మీరు పంపుతున్నవి పరీక్ష స్లైడులు కావు, వార్డులో ఉన్న మనుషులవి. అవి పోస్టులో వచ్చి వెళ్ళడానికి పది రోజులు పడుతోంది. ఈ పది రోజులూ వాళ్ళకి ఏం మందు ఇస్తున్నారు? నేను చూసినవి సరే, నాకు పంపనివి ఎవరు చూస్తున్నారు?

మీ మేనకోడలు


ఇంటి వరండా
మార్చి 2

అమ్మాయికి,

ఎప్పట్నుంచని అడిగావు. పోయిన వానల నుంచి.

మొదట బల్బు పాతబడిందనుకున్నాను. తర్వాత ఊదా రంగు పొడి నాసిరకమనుకున్నాను. అద్దాలు తుడిచాను. నీళ్ళు మార్చాను. అన్నిటినీ అనుమానించాను. కళ్ళు మాత్రం నావి కాబట్టి వాటి జోలికి పోలేదు. పల్చటి ఊదా, పల్చటి గులాబి రెండూ నాకు ఒకే మట్టి రంగులో కనిపిస్తున్నాయి. ఆకారం తెలుస్తుంది, అదీ మసగ్గా. రంగు తెలియదు. మన పనంతా రంగే.

నీకు పంపనివి ఎవరు చూస్తున్నారన్నావు. సీసాలమ్మ.

ఒకరోజు స్లైడు మీద మురికి ఉందేమో చూసి చెప్పమని మైక్రోస్కోపు దగ్గరికి పిలిచాను. చూసి, మురికేం లేదయ్యా, వంకాయ రంగు బంతులు గుత్తులుగా ఉన్నాయంది. అదే రాశాను. మర్నాడు ఇంకో వంక పెట్టి పిలిచాను. పంటి చిగుళ్ళ రంగు పుల్లలు అంది. అదీ రాశాను. మూడో వారానికి నేను వంకలు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. పదయ్యేసరికి బ్రష్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, తనే వచ్చి నిలబడేది. ఇదేమిటని ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆవిడ సెలవు పెట్టిన రోజులవీ, ఇద్దరికీ అనుమానంగా ఉన్నవీ నీకు పంపాను.

దర్జీ స్లైడు ఆవిడ చూసింది. వంకాయ రంగేనంది. నాకు రెండేసి రెండేసిగా, గులాబిలా అనిపించింది. ఆరోజు పొద్దున్నే పెద్ద డాక్టరు గారు వరండాలో పదిమంది ముందు, మన ల్యాబులో ఈయన కన్ను మైక్రోస్కోపు కంటే నమ్మకం అన్నారు. ఆ మాట ఇంకా చెవుల్లో ఉంది. సీసాలు కడిగే మనిషి చెబితే రాసుకునేవాణ్ణి అయిపోయానా అనిపించింది. గులాబి అని రాశాను.

కీలు నీటిలో గులాబి జంటలు కనిపిస్తే డాక్టర్లు ఏమనుకుంటారో నీకు తెలుసు. సెగరోగం. వార్డులో ఉన్న చిన్న డాక్టరు గొంతు తగ్గించే అలవాటు లేని మనిషి. దర్జీ భార్య అక్కడే ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళి తెచ్చుకున్నావయ్యా అని అందరికీ వినపడేలా అడిగాడు. ఆవిడ మధ్యాహ్నమే ఇంటికెళ్ళి, వీధిలో నిలబడి మొగుణ్ణి అనాల్సినవన్నీ అని, అక్కగారింటికి వెళ్ళిపోయింది. నీ రిపోర్టు వచ్చేదాకా నాలుగు రోజులు ఆ మోకాలికి పనికిరాని మందు ఇచ్చారు. వాపు తగ్గిందని రాశాను, అది నిజమే. మోకాలు సగం కంటే వంగడం లేదని రాయలేదు. ఆయనది కాలితో తొక్కే మిషన్.

ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. అందుకే డాక్టరు గారికి చెప్పలేదు. ఇంకో కారణం వెతికాను, దొరకలేదు.

మామయ్య


పెద్ద ల్యాబ్, వెనకవైపు గది
మార్చి 9

మామయ్యకి.

ఉత్తరం మూడుసార్లు చదివాను. మీకు చెప్పాల్సింది నా దగ్గరా ఒకటి ఉంది.

జనవరిలో నేను రాసిన ఉత్తరంలో "ఒక చిన్న సంగతి" అని రాశాను. అది చిన్నది కాదు, మొదటిదీ కాదు. డిసెంబరులోనే మీ చీటీలు రెండు నా ఫలితాలతో కలవలేదు. చీటీలో ఉన్నదానికీ ఇక్కడ తేలినదానికీ తేడా వస్తే పుస్తకంలో రాసి పెద్దాయనకి చూపించాలన్నది ఇక్కడి పద్ధతి. నేను రాయలేదు. సీసాలు మారి ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చేతిరాత మీది కాకపోతే అదే రోజు రాసి ఉండేదాన్ని. డిసెంబరులో రాసి ఉంటే దర్జీ నీరు తీసేసరికి మీ స్లైడులు ఇంకెవరో చూస్తూ ఉండేవారు.

ఈ ఉదయం పెద్దాయన గదిలోకి వెళ్ళి ఇదంతా చెప్పాను, నా సంగతి కూడా. ఆయన పుస్తకం తెప్పించి, డిసెంబరు పేజీ తీసి, నా చేతే రాయించారు. మీ డాక్టరు గారికి ఈ గురువారం ఫోన్ చేస్తామన్నారు. మీకు ఈ ఉత్తరం బుధవారం అందుతుంది. ఆ ఒక్క రోజు నేనే అడిగాను. ఆయన నోటి ద్వారా తెలిసేలోగా మీ నోటితో మీరు చెప్పండి.

కోపం ఉంది. అది పోయాక ఇంకో ఉత్తరం రాస్తాను.

మీ మేనకోడలు


కళ్ళ వార్డు, ఎనిమిదో మంచం
ఏప్రిల్ 14

అమ్మాయికి,

నీ కోపం ఇంకా పోయినట్టు లేదు, ఉత్తరం రాలేదు. నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే, ఒక కంటికి కట్టు ఉందని గుర్తుంచుకో.

బుధవారం పదకొండింటికి డాక్టరు గారి గదికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చి, కిటికీ పరదా ఏ రంగని అడిగారు. ఆకుపచ్చ అన్నాను. అది నీలమట. తర్వాత ఫోన్ తీసి కళ్ళ డాక్టరుని పిలిచారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే సులువుగా ఉండేది.

రెండు కళ్ళలోనూ శుక్లాలే. ముందు ఎడమ కన్ను చేశారు. మూడు వారాలయ్యాక ఆ కంటితో మొదట చూసింది మీ అత్తయ్య చీర. మట్టి రంగు కాదు, నిండు ఊదా. ఆ మాటే చెప్పాను. ఇప్పుడు మాట్లాడుతోంది, ఎక్కువగానే. నిన్న కుడి కన్ను చేశారు.

మధ్యలో పది రోజులు ఒక కన్ను కొత్తది, ఒక కన్ను పాతది. డాక్టరు గారు నన్ను రంగుల గదికి పంపి, వానల నుంచి దాచిన స్లైడులన్నీ మళ్ళీ చూడమన్నారు. నూట నలభై ఉన్నాయి. ఎడమ కంటితో చూస్తే ఊదా. అదే స్లైడుని కుడి కంటితో చూస్తే మట్టి. నా తప్పుని నేనే ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి చూసుకున్నాను. పదకొండు తప్పులు తేలాయి. ఏడు సీసాలమ్మని పిలవక ముందువి. నాలుగు, ఆవిడ ఒకటి చెబితే నేను ఇంకొకటి రాసినవి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసినవాటిలో తప్పు లేదు. పది మందికి వేరే దారిన సరైన మందు అందింది, ఏ హానీ జరగలేదని డాక్టరు గారు కేసు కాగితాలన్నీ తిరగేసి చెప్పారు. పదకొండోవాడు దర్జీ.

సీసాలమ్మని పిలిపించారు. మైక్రోస్కోపు ముట్టుకున్నందుకు పని పోయిందనుకుని బ్రష్, చీపురు అప్పజెప్పడానికి చేత్తో పట్టుకొచ్చింది. పది స్లైడులు ఇచ్చారు. పదీ చెప్పింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, నేర్చుకోలేదండి, ఆయన అడిగితే చెప్పాను అంది. సహాయకురాలి ఉద్యోగానికి ఏడో తరగతి సర్టిఫికెట్ కావాలన్నారు ఆఫీసువాళ్ళు. ఆవిడ దగ్గర లేదు. ఫైలు పైకి వెళ్ళింది. ప్రస్తుతానికి పొద్దున్న సీసాలు కడిగి, పదింటికి ఆర్డరు కాగితం ప్రకారం వచ్చి కూర్చుంటోంది. ఇదివరకు ఇదే పని నిలబడి చేసేది.

నన్ను ఆర్నెల్లు రిపోర్టుల మీద సంతకం పెట్టొద్దన్నారు. విచారణ ఉంటుంది. ఉండాలి కూడా.

మామయ్య


పెద్ద ల్యాబ్, వంటగది లాంటి గది
ఏప్రిల్ 25

మామయ్యకి నమస్కారాలు.

నన్ను కూడా బల్ల దగ్గర్నుంచి తీసేశారు. రెండు నెలలు బాక్టీరియాకి మేత తయారుచేసే గదిలో వేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెద్ద గిన్నెల్లో కలుపుతూ ఉంటాను. కిటికీ లేదు. పక్క బల్ల ఆవిడ వచ్చి పలకరించి, నీకు ఇది నప్పిందంది. ఏ ఉద్దేశంతో అందో తెలియలేదు.

కోపం చాలావరకు పోయింది. మిగిలింది ఒకే ప్రశ్న. డాక్టరు గారికి చెప్పారు, ఆఫీసుకి చెప్పారు, నాకు చెప్పారు. దర్జీకి ఎవరు చెప్పారు?

మీ మేనకోడలు


ఇంటి వరండా
మే 6

కందిరీగకు ఆశీస్సులు.

ఎవరూ చెప్పలేదు. జబ్బు అది కాదని వార్డులో ఎవరో అన్నారట, ఎందుకు కాదో చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు నేనే వెళ్ళాను. ఆదివారం, పొద్దున్న తొమ్మిదింటికి.

వీధి వైపు గదిలోనే కుట్టుపని. ఆయన మిషన్ ముందు ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు, కుడికాలు పక్కకి చాచి. కింద బల్లపీట మీద భార్య కూర్చుని, కాలితో తొక్కే పలకని చేత్తో ఊపుతోంది. రెండు నెలల క్రితం తిరిగి వచ్చిందట. ఇద్దరూ ఒక్క మాట లేకుండా ఒకే మిషన్ నడుపుతున్నారు. నేనెవరో చెప్పగానే మిషన్ ఆగింది.

నా కళ్ళలో శుక్లాలు, స్లైడు, గోడలు, స్పిరిట్ అని మొదలుపెట్టాను. దర్జీ చెయ్యెత్తి, రంగుల సంగతి నాకు చెప్పక్కర్లేదన్నాడు. డ్రాయరు లాగి రెండు దారపుండలు తీసి నా ముందు పెట్టాడు. ఒకటి ఊదా, ఒకటి ముదురు గులాబి. అప్పుడు మీకు ఇవి ఎలా కనిపించేవి అని అడిగాడు.

"రెండూ ఒకటేలా కనిపించేవి. పక్కనున్న మనిషి సరిగ్గా చెప్పింది. నేను వినలేదు. మీకు ఆ జబ్బు లేదు, ఎప్పుడూ లేదు. తప్పు నాది," అన్నాను.

ఆయన ఉండలు రెండూ తిరిగి డ్రాయరులో పెట్టాడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. కోప్పడతాడని సిద్ధపడి వెళ్ళాను. ఆయన భార్య వంక కూడా చూడలేదు, గుమ్మంలోంచి వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. మోకాలి కోసం నెలకి రెండుసార్లు వ్యాయామం చేయించే మనిషిని డాక్టరు గారు పంపుతారని, కుట్టు మిషన్‌కి మోటారు బిగించే ఖర్చు నాదని చెప్పాను. మోటారు వద్దన్నాడు. వ్యాయామం సంగతి చూద్దామన్నాడు.

అప్పుడు భార్య లేచింది. సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆ గొంతు వీధంతా వినిపించిందంటే నమ్మబుద్ధి కాలేదు.

"నేను ఈయన్ని అన్న మాటలు నాలుగిళ్ళవాళ్ళు విన్నారు. మీరు చెప్పింది కూడా వాళ్ళు వినాలి," అంది. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

వెళ్ళాం. మొదటి ఇంట్లో ఒక ముసలాయన. రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది, చెవుడు. రెండో ఇంటావిడ నన్ను లోపలికి రానివ్వలేదు, గడప బయటే నిలబెట్టి విని, సరే అంది. మూడో ఇంట్లో భార్యాభర్తలిద్దరూ నేను చెప్పడం అయ్యేదాకా తలదించుకుని విన్నారు. తర్వాత ఆ భర్త బయటికి వచ్చి దర్జీ దగ్గరికి వెళ్ళాడు. వీధి చివరి నుంచి చూశాను, ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నాలుగో ఇంటికి తాళం వేసి ఉంది. పోనీ రేపు వస్తానన్నాను. ఆవిడ మెట్ల మీద కూర్చుంది. నేనూ కింది మెట్టు మీద కూర్చున్నాను. వాళ్ళు మధ్యాహ్నం రెండింటికి వచ్చారు. అప్పటిదాకా అక్కడే ఉన్నాం.

మామయ్య